మంచం మీద కాళ్ళు ముడుచుకొనే వేళ

(రేడియో సందేశ పాఠం)

వాక్యభాగం: ఆదికాండము 47:28-31, 49:28-33

 అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలోనూ, లంక గ్రామాలలోనూ, పొట్టకూటి కోసం వెళ్ళిన దూరదేశాలలోనూ ఈ సందేశం వింటున్న ప్రతి కుటుంబానికి దేవుని సమాధానం తోడై యుండును గాక.

ఈనాడు మనం ధ్యానించబోయే సంగతి కూటాలలో ఎక్కువగా వినపడదు. ఇంట్లో రోగి కన్ను మూతపడ్డాక, అరుగు మీద కూర్చుని, గొంతు తగ్గించి మాట్లాడుకొనే సంగతి ఇది. "అయ్యగారండి, నాన్నగారికి డయాలసిస్ మానిపిస్తే మేము చంపినట్టేనాండి?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. కొందరు ముందుగా అడిగారు. కొందరు అంతా అయిపోయి, ఆదరణ కూడిక ముగిసి, బంధువులు వెళ్ళిపోయాక అడిగారు. అలా అడిగినవాళ్ళ కళ్ళలో ఉన్న భారం నాకు గుర్తుంది. అందుకే ఈ సంగతిని వాక్యపు వెలుగులో పెట్టి చూద్దాం. నేను వైద్యుణ్ణి కాను, సంఘకాపరిని. వైద్యం సంగతి మీ డాక్టరుగారినే అడగాలి. మనస్సాక్షి సంగతి మాత్రం మనం కలిసి మాట్లాడుకోవచ్చు.

యాకోబు గారి చివరి దినాలు చూడండి. ఆయనకు 147 సంవత్సరాలు. ఐగుప్తులో పదిహేడేళ్ళు కాపురమున్నాడు. తన చావు దగ్గరపడిందని ఆయనకు తెలిసింది. తెలిసినప్పుడు ఏం చేశాడు? యోసేపును పిలిపించి, నన్ను ఐగుప్తులో పాతిపెట్టవద్దు, నా పితరుల దగ్గరకు తీసుకువెళ్ళమని ప్రమాణం చేయించుకున్నాడు. తరువాత మనుమలను దీవించాడు. పన్నెండుమంది కుమారులను మంచం చుట్టూ నిలబెట్టుకొని ఎవరికి చెప్పవలసింది వారికి చెప్పాడు. అన్నీ అయ్యాక కాళ్ళు మంచం మీదికి ముడుచుకొని ప్రాణం విడిచాడు.

ప్రియులారా, యోసేపు ఐగుప్తు దేశమంతటి మీద అధికారి. ఆయన చేతి కింద వైద్యులున్నారని 50వ అధ్యాయం రెండవ వచనంలో చూస్తాం. యాకోబు ఆయుష్షును ఇంకొన్నాళ్ళు లాగడానికి వారిని పిలిచారనీ, పిలవలేదనీ గ్రంథం చెప్పదు. గ్రంథం మనకు చూపించేది చావు వస్తోందని ఒప్పుకొన్న ఒక తండ్రిని, ఆ మాట వినడానికి సిద్ధపడ్డ పిల్లలను. ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ అబద్ధం చెప్పలేదు. ఈ మాట జ్ఞాపకముంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వద్దాం.

మొదటి సంగతి: డయాలసిస్ దేవుడిచ్చిన మేలు

మంచి కిడ్నీలు రాత్రింబగళ్ళు ఆగకుండా రక్తాన్ని శుభ్రం చేస్తూ ఉంటాయి. అవి పూర్తిగా పాడైతే ఆ పనిలో కొంత భాగాన్ని యంత్రం చేస్తుంది. వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు. కిడ్నీని బాగుచేయడం దాని వల్ల కాదు. కిడ్నీ చేయవలసిన పని చేస్తూ మనిషిని నిలబెడుతుంది, అంతే.

ఈ యంత్రం ఎంత కష్టకాలంలో పుట్టిందో వినండి. రెండవ ప్రపంచ యుద్ధంలో హాలెండు దేశం జర్మనీవాళ్ళ చేతిలో ఉన్నప్పుడు, 1943లో, కోల్ఫ్ అనే డాక్టరు కంపెన్ అనే చిన్న పట్టణంలో దీన్ని తయారుచేశాడు. మొదట్లో ఎక్కించిన రోగులు దాదాపు అందరూ చనిపోయారు. ఆయన మానలేదు. 1945లో ఒక వృద్ధురాలు దీనివల్ల బతికి బయటపడింది. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో స్క్రిబ్నర్ అనే డాక్టరు, ఒకే మనిషికి మళ్ళీ మళ్ళీ డయాలసిస్ చేయగల మార్గం కనిపెట్టాడు. అలా చేయించుకున్న మొదటి రోగి మరో పదకొండేళ్ళు బతికాడు. మన దేశంలో 1971లో, ఐడా స్కడర్ అమ్మగారు నాటిన వెల్లూరు క్రైస్తవ ఆసుపత్రిలో కిడ్నీ మార్పిడి విజయవంతంగా జరిగింది. ఎమర్జెన్సీ రోజుల్లో, 1975లో, జయప్రకాశ్ నారాయణ్ గారి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ మీద ఉంటూనే ఆయన 1977 ఎన్నికలలో ప్రతిపక్షాలను ఒక్కటిగా నడిపించాడు. 1979 అక్టోబరు వరకు జీవించాడు. ఆ నాలుగేళ్ళు దేశ చరిత్రనే మార్చాయి.

మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఇప్పుడు దాన్ని డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. 2016 నుంచి కేంద్ర ప్రభుత్వపు జాతీయ డయాలసిస్ కార్యక్రమం కూడా ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి మీరు వినే ఉంటారు. మన కోనసీమలాగే కొబ్బరి తోటల సీమ అది. అక్కడ ఊళ్ళకు ఊళ్ళే కిడ్నీ జబ్బుతో కుములుతున్నాయి. కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. వారికోసం 2023 డిసెంబరులో పలాసలో రెండువందల పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. ఇవన్నీ దేవుని కృపలే. హిజ్కియా రాజు కన్నీటి ప్రార్థన విని పదిహేనేళ్ళ ఆయుష్షు పెంచిన దేవుడే, యెషయా ద్వారా అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టించాడు. ప్రార్థనకు జవాబిచ్చిన చెయ్యి, మందు కట్టించిన చెయ్యి ఒక్కటే.

కాబట్టి ఒక గట్టి మాట చెప్పాలి. "నీకు విశ్వాసముంటే డయాలసిస్ మానెయ్యి, స్వస్థత వచ్చేసింది" అని ఎవరైనా చెబితే, ఆ మాట వినకండి. కుర్రవాళ్ళు, చిన్నపిల్లల తల్లులు, యంత్రం ఎక్కి దిగి తమ పనులు తాము చేసుకొంటున్నవాళ్ళు ఈ మాట నమ్మి మానేస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం పోతుంది. దేవాలయ శిఖరం మీద నుంచి దూకమన్న శోధకుని మాట కూడా విశ్వాసం పేరుతోనే వచ్చింది. ప్రభువు దానికి లోబడలేదు. కొందరు ఆసా రాజును చూపిస్తారు, వైద్యులను నమ్ముకొని చచ్చాడని. ఆసా తప్పు దేవుణ్ణి విడిచిపెట్టడం. వైద్యుని దగ్గరకు వెళ్ళడమే తప్పయితే, పౌలు లూకాను ప్రియమైన వైద్యుడని ఎందుకు పిలిచాడు?

రెండవ సంగతి: ఆ మేలుకు ఒక హద్దు ఉంది

దేవుడిచ్చిన మంచి వస్తువులన్నింటికీ హద్దు ఉంది. మన్నా ఆకాశం నుంచి కురిసింది, కనాను పంట తిన్న మరునాడు ఆగిపోయింది. డయాలసిస్ కూడా అంతే. కిడ్నీలు పాడైనా మిగతా శరీరం నిలబడి ఉన్నంతవరకు అది మనిషిని మోస్తుంది. శరీరమంతా ఒకేసారి కూలిపోతున్నప్పుడు సంగతి వేరు. క్యాన్సరు ఒళ్ళంతా పాకిపోయింది. లేదా గుండె ఎంత నీరసించిందంటే యంత్రం మీద పెట్టిన అరగంటకే బీపీ పడిపోతోంది. లేదా పెద్ద పక్షవాతం వచ్చి, మాట లేదు, స్పృహ లేదు, తిరిగి వచ్చే ఆశ లేదని డాక్టర్లు చెప్పారు. అప్పుడు ఆ నాలుగు గంటలు జీవితాన్ని పొడిగించడం మాని మరణాన్ని పొడిగించడం మొదలుపెడతాయి. యంత్రం అదే, సూదులు అవే. అది చేస్తున్న పని మారిపోయింది.

జేమ్స్ మిచెనర్ అని అమెరికాలో పేరుపొందిన నవలా రచయిత ఉండేవాడు. కొన్నేళ్ళ పాటు డయాలసిస్ చేయించుకున్నాడు. ఆ కాలంలో కూడా పుస్తకాలు రాశాడు. తొంభై ఏళ్ళ వయసులో, 1997 అక్టోబరులో, ఇక చాలునని తానే చెప్పి ఆపించుకున్నాడు. కొద్ది రోజుల్లో కన్నుమూశాడు. యంత్రం ఇచ్చిన ఏళ్ళనూ ఆయన వాడుకున్నాడు, యంత్రం నుంచి దిగవలసిన రోజునూ ఆయనే గుర్తించాడు.

దీన్ని విశ్వాసం తక్కువతనం అనవచ్చా? పౌలు రాసిన ఆఖరి పత్రికలో ఒక చిన్న మాట ఉంది, రెండవ తిమోతి 4:20. త్రోఫిము రోగియై యుండగా అతణ్ణి మిలేతులో విడిచి వచ్చానని చెబుతున్నాడు. ఎవరీ పౌలు? ఎఫెసులో ఆయన ఒంటికి తగిలిన గుడ్డలు వేసినా రోగాలు పోయాయని అపొస్తలుల కార్యములు 19లో ఉంది. త్రోఫిము ఎవరు? ఆ ఎఫెసువాడే, పౌలుకు తోటి పనివాడు. అయినా బాగుకాలేదు. పౌలు అతణ్ణి గద్దించలేదు, నీకు విశ్వాసం లేదనలేదు. ఉన్నది ఉన్నట్టు రాశాడు. మన సాక్ష్య కూడికలలో స్వస్థత పొందినవారు లేచి నిలబడతారు, దేవునికి స్తోత్రం. త్రోఫిము వంటివారికి కూడా మన మధ్య కూర్చునే చోటు ఉండాలి.

మూడవ సంగతి: చంపడం వేరు, చావును అడ్డుకోవడం మానడం వేరు

గిల్బోవ కొండ మీద సౌలు రాజు గాయపడి తన కత్తి మీద తానే పడ్డాడు. తరువాత ఒక అమాలేకీయుడు దావీదు దగ్గరకు వచ్చి, ఆయన బతకడని తెలిసి నేనే చంపానని చెప్పుకున్నాడు. ఎలాగూ పోతాడు కదా అన్నది వాడి వాదం. దావీదు దాన్ని ఒప్పుకోలేదు, ప్రాణం తీయడానికి నీకు చెయ్యి ఎలా వచ్చింది అన్నాడు. ఈనాటికీ అదే హద్దు. చావడానికి ఇంజెక్షను ఇవ్వమని అడగడం మనకు తగదు, మన దేశపు చట్టమూ ఒప్పుకోదు.

డయాలసిస్ ఆపినప్పుడు జరిగేది అది కాదు. కిడ్నీలను మనం పాడుచేయలేదు. క్యాన్సరు మనం తెచ్చింది కాదు. ఆ జబ్బే తన దారిన తాను ముగింపుకు వెళుతుంది. దాన్ని ఆపగలిగిన శక్తి ఇక మన దగ్గర లేదని ఒప్పుకొని, మనిషిని బాధపెడుతున్న పనిని మాత్రం మానేస్తాం. వరదలో గోదావరి గట్టు తెగకుండా ఇసుక బస్తాలు వేసినవాడు, ఏరు గట్టు దాటి ఊరంతా నిండాక బస్తాలు వేయడం మాని ముసలివాళ్ళను పడవ ఎక్కిస్తాడు. ఊరిని ముంచింది అతనని ఎవరూ అనరు.

మన చట్టం కూడా ఈ తేడా గుర్తించడానికి చాలాకాలం పట్టింది. 2004లో హైదరాబాదులో వెంకటేశ్ అనే పాతికేళ్ళ యువకుడు, చదరంగం ఆటగాడు, కండరాలు క్షీణించే జబ్బుతో వెంటిలేటరు మీద ఉన్నాడు. తనకు మరణం తప్పదని తెలిసి, తన అవయవాలు పనికివచ్చే స్థితిలోనే ఇతరులకు ఇవ్వనివ్వమని కోరాడు. తల్లి ఆ కోరికతో హైకోర్టుకు వెళ్ళింది. అప్పటి చట్టంలో దానికి దారి లేదు, కోర్టు ఒప్పుకోలేదు. ఆ డిసెంబరులోనే అతను చనిపోయాడు. ఆ బిడ్డ అడిగినది మన సంగతికంటె క్లిష్టమైనది, దాన్నీ దీన్నీ ఒకటి చేయడం లేదు. కానీ చావు మంచం మీద ఉన్నవాడి మాటకు విలువ ఎంత అనే ప్రశ్న మన తెలుగు నేల మీద ఒక తల్లి నోట కోర్టు ముందు నిలిచింది.

2018 మార్చి 9న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, గౌరవంతో మరణించడం కూడా జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. బాగుకాని జబ్బుతో అంత్యదశలో ఉన్నవారికి ప్రాణాధార చికిత్స ఆపవచ్చన్నది. తెలివిలో ఉన్న పెద్దవారు తమకు ఏ చికిత్స వద్దో ముందుగానే రాసిపెట్టుకోవచ్చన్నది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులువు చేసింది. ఆ కాగితం మీద ఇద్దరు సాక్షులు సంతకం చేసి, నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరిస్తే చాలు. రోగి తానే చెప్పలేని స్థితిలో ఉంటే, ఆసుపత్రిలో వైద్యుల బోర్డులు రెండు వేర్వేరుగా చూసి నిర్ణయించాలి. కాబట్టి దొంగచాటుగా చేయవలసిన పని కాదు ఇది. డాక్టరుగారితో తలెత్తుకొని మాట్లాడవచ్చు.

నాలుగవ సంగతి: ఏ కారణంతో ఆపుతున్నాం?

ఇక్కడ మనం మనల్ని మనం పరీక్షించుకోవాలి, దేవుని బిడ్డలారా. మంచి కారణం వెనుక చెడ్డ కారణం దాక్కోగలదు.

ఒకటి, డబ్బు. చికిత్స ఉచితమే అయినా ఆసుపత్రికి వెళ్ళిరావడానికి ఖర్చు ఉంది. లంకలో ఉన్నవాడు రేవు దాటాలి, ఆటో మాట్లాడుకోవాలి, తోడు వచ్చినవాడు ఆ రోజు కూలి పోగొట్టుకోవాలి. "నేను చచ్చిపోతే మీకు సుఖం" అని పెద్దావిడ అన్నదంటే, అది ఆమె నిర్ణయం అనుకోకండి. అది ఆమె చూసిన అప్పుల లెక్క. ఇంకా బతకగలిగిన మనిషి ఆటో కిరాయి లేక డయాలసిస్ మానేస్తే, ఆ పాపం ఆ ఇంటిది కాదు, పక్కనే ఉన్న సంఘానిది. క్రిస్మసు లైట్లకు చందా వేసుకోగలిగిన సంఘం, వారానికి రెండుసార్లు ఒక ఆటో పెట్టలేదా?

రెండు, నిరాశ. ఏలీయా బదరీవృక్షం కింద పడుకొని, ఇక చాలు నా ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు. దేవుడు ఆ ప్రార్థన మన్నించలేదు, కోప్పడనూ లేదు. నిద్రపోనిచ్చాడు. దూత లేపి రొట్టె పెట్టి నీళ్ళిచ్చాడు. మళ్ళీ నిద్ర, మళ్ళీ రొట్టె. కాబట్టి రోగి "వద్దు, మానేస్తాను" అన్నప్పుడు మొదట అడగండి: రాత్రి నిద్ర పడుతోందా? నొప్పి ఉందా? దురద వేధిస్తోందా? ఇంట్లో ఎవరైనా మాట అన్నారా? వీటికి మందూ ఉంది, మాటా ఉంది. ఇవన్నీ చూశాక కూడా, నెమ్మదైన మనసుతో, కొన్ని రోజుల తరువాత కూడా అదే మాట చెబితే, అప్పుడు అది ఏలీయా మాట కాదు, యాకోబు మాట.

మూడు, మనుష్యుల మెప్పు. "ఆఖరిదాకా పెద్ద ఆసుపత్రిలో చూపించారు" అని అనిపించుకోవడం కోసం తండ్రి ఒంటికి గొట్టాలు పెట్టించడం కూడా తప్పే. ఆపడానికి మాత్రమే కాదు, కొనసాగించడానికి కూడా చెడ్డ కారణాలుంటాయి.

అయిదవ సంగతి: ఎలా నిర్ణయించుకోవాలి?

యాకోబు ఇంటిలాగే, మాట్లాడుకొని. మొదట రోగితో. మన ఇళ్ళల్లో రోగికి తప్ప అందరికీ జబ్బు సంగతి తెలుసు. అది ప్రేమ అనుకుంటాం. తన చావు గురించి మాట్లాడే హక్కు యాకోబుకు ఉంది, మన నాన్నకు లేదా?

ఒక లంక గ్రామంలో ఒక పెద్దాయన సంగతి చెబుతాను, ఊరూ పేరూ చెప్పను. మూడేళ్ళు డయాలసిస్ చేయించుకున్నారు. తరువాత లివరు క్యాన్సరు బయటపడింది, అప్పటికే ముదిరిపోయింది. యంత్రం మీద ఉన్నంతసేపూ బీపీ పడిపోయేది, ఇంటికి వచ్చాక రోజంతా కళ్ళు తెరిచేవారు కాదు. కూతురు కువైట్‌లో ఇళ్ళల్లో పని చేస్తూ డబ్బు పంపేది. "ఆపొద్దన్నయ్యా, ఎంతైనా పంపుతాను" అని ఫోనులో ఏడ్చేది. అన్నయ్య అటు చెల్లెలి మాట కాదనలేక, ఇటు తండ్రిని చూడలేక నలిగిపోయాడు. ఇద్దరూ నన్ను అడిగారు. తండ్రిని మాత్రం ఎవరూ అడగలేదు. నేను మంచం దగ్గర కూర్చుని, "మీకేమనిపిస్తుందండి?" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నారు: "అమ్మాయి వచ్చేదాకా ఎక్కుతానండి అయ్యగారండి. అది వచ్చాక నన్నింక దించెయ్యమనండి."

ఆ మాటతో ఇంట్లో గొడవ ఆగిపోయింది. ఆమె సెలవు పెట్టి వచ్చింది. ఆ లోపల ఆయన మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళారు. తరువాత వెళ్ళలేదు. కొబ్బరి బొండంలో పొటాషియం ఎక్కువని మూడేళ్ళుగా ఆయనకు బొండం నీళ్ళు నిషేధం, అదీ కొబ్బరి చెట్ల మధ్య ఉంటూ. డాక్టరుగారు సరే అన్నాక కూతురు చెంచాతో పట్టింది. ఆరో రోజు తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించారు. కళ్ళు ఆమే మూసింది. ఆదికాండము 46:4లో దేవుడు యాకోబుకు ఒక వాగ్దానం చేశాడు, నీ కన్నులు మూసే చెయ్యి యోసేపుదవుతుందని. చాలా ఏళ్ళు చచ్చిపోయాడనుకొన్న కొడుకు, దూరదేశంలో ఉన్న కొడుకు. ఆ వాగ్దానం విలువ ఏమిటో ఆ ఇంట్లో నాకు తెలిసింది.

డాక్టరుగారిని ఈ ప్రశ్నలు అడగండి. కొనసాగిస్తే ఏం ఆశించవచ్చు? ఆపితే ఏం జరుగుతుంది, ఎన్నాళ్ళలో? ఆయాసం, నొప్పి రాకుండా ఏ మందు ఇస్తారు, ఇంటి దగ్గర ఎవరు ఇస్తారు? మీ సొంత తండ్రికైతే ఏం చేస్తారు? తేల్చుకోలేకపోతే, ఇంకో రెండు వారాలు చేసి చూద్దామని గడువు పెట్టుకోవచ్చు. ఆపాక రోగి మనసు మారితే తిరిగి మొదలుపెట్టమని అడగవచ్చు. అమెరికాలో ఆర్ట్ బుక్వాల్డ్ అనే హాస్య రచయిత 2006లో డయాలసిస్ వద్దని, మరణానికి సిద్ధపడి అంత్యదశ రోగుల ఆశ్రమంలో చేరాడు. ఆయన కిడ్నీలు అనుకోకుండా మళ్ళీ కొంత పని చేశాయి. ఆశ్రమం నుంచి ఇంటికి వచ్చి, ఇంకో పుస్తకం రాసి, 2007 జనవరిలో చనిపోయాడు. అలా జరగడం అరుదు. దానిమీద ఆశ పెట్టుకోమని చెప్పడం లేదు. మన కాలగతులు ఎవరి చేతిలో ఉన్నాయో మరచిపోవద్దని చెబుతున్నాను.

ఆరవ సంగతి: ఆపాక మన పని మొదలవుతుంది

డయాలసిస్ ఆపినవారు సాధారణంగా వారం పది రోజులు ఉంటారు. మూత్రం కొంచెం వస్తున్నవారు ఇంకా ఎక్కువ రోజులు ఉండవచ్చు. మగత పెరుగుతుంది, ఆకలి పోతుంది, చాలామంది నిద్రలోనే వెళ్ళిపోతారు. కొందరికి ఆయాసం, వికారం, దురద, ఒళ్ళు అదరడం ఉంటాయి. వాటికి మందులున్నాయి. మార్ఫిన్ కిడ్నీ లేనివారి ఒంట్లో పేరుకుపోతుంది గనుక, డాక్టర్లు ఫెంటనిల్ వంటి వేరే మందు చూస్తారు. కాబట్టి "ఇంక చేసేదేమీ లేదు, తీసుకుపొండి" అన్న మాటతో ఇంటికి రావద్దు. మందుల చీటీ, ఫోను నంబరు తీసుకొని రండి. దీన్ని ఉపశమన చికిత్స అంటారు. 1967లో లండనులో ఇలాంటి రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ ఆసుపత్రి ప్రారంభించిన సిసిలీ సాండర్స్ అమ్మగారు క్రీస్తు విశ్వాసి. చావబోతున్నవారిని వదిలెయ్యకూడదన్నదే ఆమె పట్టుదల.

సంఘమా, ఆ పది రోజులు నీవి. ఇంటినిండా జనం చేరి గట్టిగా పాడి రోగిని అలసిపోనివ్వకండి. ఇద్దరిద్దరుగా వంతు వేసుకోండి. రాత్రి ఒకరు మేలుకొంటే కొడుకు రెండు గంటలు పడుకుంటాడు. తడిగుడ్డతో పెదవులు తడపండి. ప్రక్క మార్చండి. మెల్లగా ఒక కీర్తన చదవండి. కోరితే ప్రభువు బల్ల ఇంటికి తీసుకువెళ్ళండి. క్షమాపణ అడగవలసినవారు ఎవరైనా ఉంటే పిలిపించండి. గెత్సేమనేలో మన ప్రభువు శిష్యులను అడిగింది ఏమిటి? నాతో కూడా మెలకువగా ఉండమని. అంతే. వాళ్ళు అదీ చేయలేకపోయారు. మనం చేద్దాం.

ఈ మాటలు వింటున్నవారిలో, ఈ నిర్ణయం ఇదివరకే చేసి, ఏళ్ళ తరబడి గుండెలో ముల్లులా మోస్తున్నవారు ఉన్నారు. అమ్మా, తమ్ముడూ, మీతో ఒక మాట. ఇంకో నాలుగుసార్లు చేయిస్తే బతికేదేమో అని మీరు రాత్రులు లెక్క వేసుకుంటున్నారు. ఆమెను తీసుకెళ్ళింది ఆమె జబ్బు. మీరు ఆమె బాధను తగ్గించారు. బ్రతికినా చనిపోయినా మనం ప్రభువు వారమని రోమా పత్రిక 14వ అధ్యాయంలో పౌలు చెబుతున్నాడు. యంత్రం మీద ఉన్నప్పుడు ఆమె ప్రభువుదే, దిగాక కూడా ప్రభువుదే. ఆ రెండింటి మధ్యలో ఆమె ఎవరి చేతిలోంచీ జారిపడలేదు. ఒకవేళ మీ నిర్ణయంలో తొందర ఉంటే, డబ్బు లెక్క ఉంటే, విసుగు ఉంటే, దాన్ని కూడా దాచకుండా సిలువ దగ్గరకు తీసుకురండి. అక్కడ క్షమాపణ ఉంది. భారం మోస్తూ ఉండమని ఆయన ఎవరికీ చెప్పలేదు.

ప్రార్థన చేసుకుందాం.

ప్రేమగల తండ్రీ, ఈ రోజు డయాలసిస్ కుర్చీలో కూర్చున్న ప్రతి బిడ్డను జ్ఞాపకం చేసుకొనుము. వారికి బలమిమ్ము, వారిని తీసుకువెళ్ళేవారికి ఓపిక ఇమ్ము. ఆపాలా వద్దా అని తెలియక ఆసుపత్రి వరండాలో నిలబడ్డ కుటుంబాలకు జ్ఞానము దయచేయుము. నిజం మాట్లాడుకొనే ధైర్యము ఇమ్ము. దూరదేశంలో ఉండి రాలేకపోతున్న పిల్లలను ఆదరించుము. చివరి దినాలలో ఉన్నవారి మంచం పక్కన నీవే కూర్చుండుము, మమ్మును కూడా కూర్చుండబెట్టుము. మాకునూ ఆ దినము వచ్చినప్పుడు, యాకోబువలె మావారిని దీవించి, నెమ్మదిగా కాళ్ళు ముడుచుకొనే కృపనిమ్మని మృతులలోనుండి లేచిన యేసు నామములో వేడుకొంటున్నాము తండ్రీ. ఆమేన్.